పదకొండు అక్షరాల ఊరు

పాస్‌బుక్కు మొదటి పేజీ అరిగిపోయింది. పాలిథిన్ కవర్లో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, వాటి నడుమ నిలువునా మడత పడిన ఆ పుస్తకం. కొన్నేళ్ల కిందటి మాట. కడప జిల్లాలో ఒక మండల కేంద్రం. బ్యాంకు వరండాలో కూర్చున్న అవ్వ దాన్ని బయటికి తీసి, పక్కనున్న ఇంటరు చదివే అమ్మాయి చేతికిచ్చింది. ‘కువైట్ నుంచి మావోడు డబ్బులు పంపితే వెనక్కి పోయినాయంట పాపా. బ్యాంకు నంబరేందో మారిందంట. కొత్తది రాసియ్యి’ అంది. ఆ పిల్ల పేజీని వెలుతురుకు పట్టి చూసింది. ఖాతా నంబరు కనబడుతోంది. దాని పైన బ్యాంకు పాత పేరు, సగం చెరిగిన శాఖ పేరు, ఆ పక్కన కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలు. ఆ బ్యాంకు అప్పటికే మరో బ్యాంకులో కలిసిపోయింది. ఆ కోడ్‌లో కంటికి ఆనుతున్న నాలుగు అక్షరాలూ ఇక చెల్లనివే.

ఐఎఫ్ఎస్‌సీ అని ఇవాళ ఊరూరా అంటున్న ఈ కోడ్‌లో ఉండేవి పదకొండు అక్షరాలు. మొదటి నాలుగూ బ్యాంకువి. ఎస్‌బీఐఎన్ అంటే స్టేట్ బ్యాంకు, సీఎన్ఆర్‌బీ అంటే కెనరా, యూబీఐఎన్ అంటే యూనియన్ బ్యాంకు. అయిదోది ఎప్పుడూ సున్నాయే. రేపటి అవసరాలకని రిజర్వు బ్యాంకు అట్టేపెట్టిన చోటది. చివరి ఆరూ శాఖవి. మన పేర్ల లెక్కనే ఇదీ ముందు ఇంటిపేరు చెప్పి, తరవాత ఊరు చెబుతుంది. చూసి రాసుకునేవారు తడబడేది నడుమనున్న ఆ సున్నా దగ్గర. నాలుగు ఇంగ్లీషు అక్షరాల వెంటే వస్తుంది కనుక దాన్నీ ‘ఓ’ అనే అక్షరమనుకుని రాసేస్తారు. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి. కంప్యూటరుకు మాత్రం వాటి మధ్య పోలికే లేదు.

మన దేశంలో తపాలా మనియార్డర్లు 1880లో మొదలయ్యాయి. ఆ తరవాత నూరేళ్లకు పైగా పల్లెకు డబ్బు చాలావరకు పోస్ట్‌మ్యాన్ కాళ్లతోనే నడిచొచ్చింది. ఫారం మీద పేరు, ఫలానా వారి కుమారుడని తండ్రి పేరు, ఊరు, తాలూకా రాస్తే చాలు. చేతిరాత వంకరగా ఉన్నా, ఊరి పేరులో ఒక అక్షరం జారిపోయినా ఆయన సర్దుకునేవాడు. రామాలయం వెనక ఇల్లని రాసి ఉంటే రామాలయం వెనక్కే వెళ్లేవాడు. మనిషి పొలంలో ఉంటే కబురంపేవాడు. ఫారం చివరి కూపన్‌లో రెండు ముక్కలు రాసుకోవడానికి కాస్త చోటుండేది. అమ్మకు మందులు కొనమనో, పండక్కి రాలేననో రాస్తే డబ్బుతోపాటు ఆ మాట కూడా గడప దాటి లోపలికొచ్చేది. కొన్ని ఇళ్లలో ఆ కూపన్లను చూరు కింద తీగకు గుచ్చి దాచుకున్నారు. ఇప్పటి చిరునామాకు అలా సర్దుకునే గుణం లేదు. పదకొండింటిలో ఒక్కటి తప్పినా ఆ ఊరు దానికి తెలియదు.

అలాగని కొత్త దారిని చిన్నబుచ్చలేం. అది చేసిన మేలు అంత పెద్దది. పెద్ద మొత్తాలను అప్పటికప్పుడు చేరవేసే ఆర్టీజీఎస్ 2004 మార్చిలో వచ్చింది. మామూలు జనం వాడుకునే నెఫ్ట్ 2005 నవంబరులో మొదలైంది. తొలి ఏళ్లలో రెండూ బ్యాంకు వేళలకు లోబడే నడిచాయి. సాయంత్రం దాటితే మర్నాడు, ఆదివారం వస్తే సోమవారం. ఆసుపత్రి అడ్వాన్సు కట్టాల్సినవారికి, ఫీజు ఆఖరి తేదీ దగ్గరపడినవారికి ఆ ఒక్క రాత్రే కొండంత. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్‌కు ఆ కట్టడి పోయింది. పండగనీ సెలవనీ లేకుండా అర్ధగంటకొక విడత చొప్పున రోజుకు 48 విడతలు నడుస్తోంది. ఏడాది తిరిగేసరికి, 2020 డిసెంబరు 14న, ఆర్టీజీఎస్ కూడా రాత్రింబవళ్లు తెరిచే ఉంచారు. రెండు లక్షల రూపాయలకు తక్కువైతే ఆ దారిలో పంపలేం. దాని కింది మొత్తాలకు నెఫ్ట్ ఉంది, 2010లో వచ్చిన ఐఎంపీఎస్ ఉంది. పొదుపు ఖాతాదారులు ఆన్‌లైన్‌లో పంపే నెఫ్ట్ సొమ్ముకు 2020 జనవరి నుంచి బ్యాంకులు రుసుము తీసుకోవడం లేదు. ఒకప్పుడు డిమాండ్ డ్రాఫ్టు కోసం చలానా రాసి, కమీషను కట్టి, దాన్ని రిజిస్టరు పోస్టులో పంపి, చేరిందో లేదోనని వారం రోజులు ఎదురుచూసిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. వాళ్లకిది ఎంత పెద్ద మార్పో వాళ్లనడిగితేనే తెలుస్తుంది.

ఫోన్ నంబరు కొడితే డబ్బు వెళ్లిపోయే రోజుల్లో ఈ కోడ్‌తో పనేమిటని పిల్లలు అడుగుతారు. యూపీఐ దాన్ని తీసేయలేదు, మన కంటికి కనబడకుండా వెనక్కి జరిపింది. మనం పేరు చూసి మీట నొక్కుతున్నప్పుడు వెనక ఎక్కడో ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ జతగా నడుస్తూనే ఉన్నాయి. యూపీఐలో దాటలేని పరిమితి వచ్చినప్పుడు, అంటే పొలం కొన్నప్పుడు, కాలేజీ ఫీజు కట్టినప్పుడు, పెళ్లి హాలుకు బయానా ఇచ్చినప్పుడు ఆ జత మళ్లీ ముందుకొస్తుంది. పీఎఫ్ డబ్బు తీసుకోవాలన్నా, ఆదాయపు పన్ను రిఫండు రావాలన్నా, బీమా గడువు తీరిన సొమ్ము అందాలన్నా ముందుగా అడిగేది దాన్నే. ఇవేవీ రోజువారీ చిల్లర లెక్కలు కావు. ఒక్కో కుటుంబంలో ఏళ్ల తరబడి కూడబెట్టినవి.

కోడ్ తెలుసుకోవడం ఎలాగంటే, అన్నిటికన్నా దగ్గరి చోటు మన బీరువాలోనే ఉంది. పాస్‌బుక్కు మొదటి పేజీలో ఉంటుంది. చెక్కు మీద పైన శాఖ చిరునామా పక్కనే అచ్చయి ఉంటుంది. అదే చెక్కు అడుగున తెల్లని పట్టీలో వరసగా కనిపించేవి వేరే అంకెలు. ఎడమ చివర చెక్కు నంబరు ఆరంకెలు, దాని పక్కన ఎంఐసీఆర్ కోడ్ తొమ్మిదంకెలు. ఎంఐసీఆర్‌లో మొదటి మూడంకెలు నగరానివి. హైదరాబాద్‌కు 500, విజయవాడకు 520, విశాఖపట్నానికి 530. పిన్ కోడ్ మొదలయ్యే అంకెలే కనుక తేలిగ్గా గుర్తుంటాయి. తరవాతి మూడూ బ్యాంకువి, చివరి మూడూ శాఖవి. చెక్కులను యంత్రం చదవడానికి పెట్టిన ఏర్పాటది. ఆన్‌లైన్ బదిలీలో ఐఎఫ్ఎస్‌సీ అడిగిన గడిలో దీన్ని నింపితే పని జరగదు. విదేశాల్లో ఉన్నవారికి ఇంకో తికమక. అమెరికా బ్యాంకు అడిగే స్విఫ్ట్ కోడ్ కూడా ఒక్కోసారి పదకొండు అక్షరాలే ఉంటుంది. స్టేట్ బ్యాంకుదైతే రెండింటిలోనూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటే. తేడా అయిదో చోట తెలుస్తుంది. అక్కడ సున్నా ఉంటే మన దేశంలో నడిచే కోడ్, దేశాన్ని చెప్పే ఐ, ఎన్ అక్షరాలు ఉంటే స్విఫ్ట్. గల్ఫ్‌లోని ఎక్స్చేంజీ వాళ్లు మాత్రం మామూలుగా ఐఎఫ్ఎస్‌సీయే అడుగుతారు.

చేతిలో పాస్‌బుక్కు లేనప్పుడు రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్లో వెతకవచ్చు, ఆయా బ్యాంకుల సొంత సైట్లలో చూడవచ్చు. అసలు చిక్కు అక్కడే ఎదురవుతుంది. కొత్తపేట శాఖ అంటే ఏ కొత్తపేట? గుంటూరులో ఉంది, విజయవాడలో ఉంది, హైదరాబాద్‌లో ఉంది. కోనసీమలోనైతే మండలానికే ఆ పేరు. ఇంగ్లీషులో ‘త’ ఒత్తుకు హెచ్ చేర్చారో లేదో, చివర ‘పేట’ అన్నారో ‘పేట్’ అన్నారో తెలియకపోతే వెతుకులాట అక్కడే ఆగిపోతుంది. పైగా మన జిల్లాలు మారాయి. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయి, ఆనక 33కు పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. జాబితాల్లోని శాఖలన్నీ అదే వేగంతో కొత్త జిల్లాల్లోకి మారతాయని అనుకోలేం. అమలాపురం శాఖ కోసం వెతికేవారు కోనసీమ కింద కనబడకపోతే తూర్పు గోదావరి కింద కూడా చూడాలి. రాజమహేంద్రవరం దొరక్కపోతే రాజమండ్రి అని కొట్టి చూడాలి. జిల్లా పాతదే చూపించినా కోడ్ తప్పనుకోనక్కర్లేదు. చాలామంది అది చూసి భయపడి వెనక్కి తగ్గుతారు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంటర్నెట్‌లో వెతుకుతూ వెతుకుతూ, బ్యాంకు హెల్ప్‌లైన్ అని కనబడిన ఏదో ఒక నంబరుకు ఫోన్ చేయవద్దు. ఐఎఫ్ఎస్‌సీలో రహస్యమేమీ లేదు, శాఖ గోడ మీద రాసిపెట్టగల సమాచారమది. డబ్బు వేయించుకోవడానికి దాంతోపాటు ఖాతా నంబరు, పేరు చాలు. అంతకు మించి ఓటీపీ గానీ పిన్ గానీ అడిగారంటే ఆ అడుగుతున్నది డబ్బు వేయడానికి కాదని వెంటనే తెలుసుకోవాలి. పొరపాటున చెప్పేసి మోసపోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా దాచినకొద్దీ సొమ్ము దూరమవుతుంది.

నిజానికి కోడ్ తప్పుపడటం కన్నా ఖాతా నంబరు తప్పుపడటం ఎక్కువ ప్రమాదం. ఈ సంగతి జనానికి తగినంతగా చెప్పలేదు. కోడ్‌లో తప్పు దొర్లి, ఆ బ్యాంకులో ఆ నంబరు ఖాతా లేకపోతే డబ్బు తిరిగి వస్తుంది. నెఫ్ట్ సొమ్మును ఖాతాలో వేయలేకపోతే విడత ముగిసిన రెండు గంటల్లోగా తిప్పిపంపాలన్నది నియమం. ఆలస్యం చేస్తే ఆ బ్యాంకు రెపో రేటుకు మరో రెండు శాతం కలిపి వడ్డీ ఇచ్చుకోవాలి. ఖాతా నంబరులో ఒక అంకె మారి, ఆ నంబరు ఇంకెవరిదో అయితే ఆ ధీమా ఉండదు. 2010 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సూచనల ప్రకారం డబ్బు జమ చేయడానికి ఖాతా నంబరు ఒక్కటే ఆధారం కావచ్చు. పేరు కలవకపోయినా జమ అవుతుంది. నంబరు సరిచూసుకునే బాధ్యత పంపేవారిదే. దాదాపు పదిహేనేళ్లు అలాగే నడిచింది. ఎట్టకేలకు, డబ్బు పంపకముందే అవతలి ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటును నెఫ్ట్‌కూ ఆర్టీజీఎస్‌కూ 2025 ఏప్రిల్ 1లోగా తేవాలని బ్యాంకులను ఆదేశించారు. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ ఇస్తే పేరు తెర మీద కనబడాలి. దానికి రుసుము లేదు. శాఖకు వెళ్లి పంపేవారు కూడా అడిగి చూపించుకోవచ్చు. ఎన్నో ఇళ్ల కన్నీళ్లను ఆపగల మంచి పని ఇది. అయినా పెద్ద మొత్తం పంపేముందు ఒక్క రూపాయి పంపి, చేరిందా అని ఫోన్ చేసి కనుక్కునే మన పాత అలవాటును వదులుకోకూడదు.

ఇక విలీనాల సంగతి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పారు. తెలుగువాళ్ల సొమ్ముకు తెలుగువాళ్ల బ్యాంకు ఉండాలన్న తలంపుతో పుట్టిన సంస్థ. దాదాపు నూరేళ్లు బతికి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులు వేసుకుని కూర్చున్న రోజులవి. బోర్డులు మారడం కూడా చాలామంది చూడలేదు. ఆ మరుసటి ఏడాది 2021 ఏప్రిల్ 1 నుంచి ఏఎన్‌డీబీ అన్న నాలుగు అక్షరాలు చెల్లకుండా పోయాయి. అంతకు ముందే, 2017 ఏప్రిల్ 1న, నిజాం కాలంలో 1941 చట్టంతో ఏర్పడి ఉస్మానియా సిక్కా వ్యవహారాలు చూసిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, స్టేట్ బ్యాంకులో కలిసింది. ఎస్‌బీహెచ్‌వై పోయి ఎస్‌బీఐఎన్ వచ్చింది. కెనరా బ్యాంకులో కలిసిన సిండికేట్ బ్యాంకు శాఖలకు 2021 జులై 1 నుంచి ఎస్‌వైఎన్‌బీ బదులు సీఎన్ఆర్‌బీ, అంకెల్లో పదివేలు కలిపితే కొత్త కోడ్. గ్రామీణ బ్యాంకులదీ అదే దారి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. బ్యాంకుల బలం కోసం, ఖర్చు తగ్గింపు కోసం తీసుకున్న నిర్ణయాలివి. వాటి మంచిచెడ్డలు ఇక్కడ తేల్చేవి కావు. పేరు మారినప్పుడల్లా ఆ భారం ఎవరి మీద పడిందన్నదే ఇక్కడి ప్రశ్న.

జీతాలు వచ్చే ఉద్యోగికి ఎస్సెమ్మెస్ వస్తుంది, ఆఫీసు వాళ్లే మార్చేస్తారు. పెద్ద వ్యాపారికి అకౌంటెంటు ఉంటాడు. ఆధార్‌తో జతపడిన పథకాల సొమ్ముకు ఈ కోడ్ అక్కర్లేదు. మిగిలిందల్లా పిల్లలు దూరదేశంలో ఉన్న తల్లిదండ్రులు, ఎప్పుడో పీఎఫ్ కోసం పాత ఖాతా ఇచ్చి మరిచిపోయిన కార్మికులు, హాస్టల్లో ఉండి స్కాలర్‌షిప్పు కోసం చూసే పిల్లలు. కోడ్ మారిందన్న సంగతి వీళ్లకు ప్రకటనల ద్వారా తెలియదు. రావాల్సిన డబ్బు రానప్పుడు తెలుస్తుంది. ఇల్లు మారామని రాసిస్తే తపాలా శాఖ ఉత్తరాన్ని కొత్త చిరునామాకు మళ్లిస్తుంది. విలీనమైన బ్యాంకుల పాత కోడ్‌లకూ ఆ మర్యాద ఇంకొంతకాలం దక్కి ఉండాల్సింది. ఇల్లు మారింది బ్యాంకు. గడప గడపకూ తిరిగి కొత్త చిరునామా చెప్పుకోవాల్సి వచ్చింది మాత్రం ఖాతాదారు.

ప్రతి శాఖ ముందూ, లోపలికెళ్లే చోట, అందరి కళ్లబడేలా బ్యాంకు పేరు, శాఖ పేరు తెలుగులో రాసి, కింద పదకొండు అక్షరాల కోడ్‌ను వేలెడంత అక్షరాలతో పెయింటు చేయించడానికి ఎంత ఖర్చవుతుంది? సున్నాకు అడ్డంగా ఒక గీత పెడితే ‘ఓ’ అనుకునే బాధ కూడా తీరుతుంది. పాస్‌బుక్కు అరిగినవారికి అడిగిన వెంటనే మొదటి పేజీ మళ్లీ అచ్చువేసి ఇవ్వడం, విలీనం జరిగిన శాఖల్లో ఓ బల్ల దగ్గర పాతా కొత్తా కోడ్‌లు రాసి ఉన్న చీటీలు పెట్టడం కూడా పెద్ద పనులేమీ కావు. కౌంటరు వెనక కూర్చునే సిబ్బంది ఎంత ఒత్తిడిలో ఉంటారో తెలిసే అడుగుతున్నాం. ఆ చీటీ ఉంటే రోజుకు వాళ్లు చెప్పాల్సిన జవాబులు కూడా తగ్గుతాయి.

ఆ రోజు వరండాలో అమ్మాయి లేచి లోపలికెళ్లి కనుక్కుని వచ్చింది. డిపాజిట్ ఫారం వెనక పెద్ద పెద్ద అక్షరాలతో కొత్త కోడ్ రాసింది. అవ్వ తన చిన్న ఫోన్‌లో కొడుక్కి కలిపి ఆ అమ్మాయి చెవి దగ్గర పెట్టింది. ఒక్కో అక్షరం నిదానంగా చదివి వినిపించింది ఆ పిల్ల. అవతలి నుంచి ఒక్కోటీ తిరిగి చెబుతున్నాడు. బి అంటే డి అని వినబడింది. ‘డి కాదన్నా, బి. బాలు బి’ అంది. ‘అది సున్నానా, ఓ నా?’ అని ఆయన అడిగాడు. ‘సున్నా అన్నా. మన లెక్కల సున్నా.’ ఆ తరవాతి అంకెలు రెండుసార్లు చదివింది. ఆయన రెండుసార్లూ తిరిగి చెప్పాడు. ఫోన్ పెట్టేశాక కాగితం మడిచి ఇవ్వబోతే అవ్వ ఆపింది. ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూపిస్తూ, ‘ఇందులో మన ఊరు యాడుంది పాపా?’ అని అడిగింది. చివరి ఆరంకెలూ మన ఊరి శాఖవే అవ్వా అని పిల్ల చెప్పింది. అవ్వ వాటిని కాసేపు చూసింది. ‘అయితే వాటిపైన ఊరి పేరు గూడా తెలుగులో రాసియ్యి. రేపు ఎవురికన్నా సూపిచ్చాలంటే ఏ కాగితమో నాకు తెలియాల గదా.’